పదమూడు నల్ల బిళ్ళలు

రెన్స్కె నిటారుగా నిలబడగలిగే చోటు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. అటక గది నట్టనడుమ, కప్పు రెండు వాలులూ కలిసే దూలం కింద. ఒక్క అడుగు అటు వేసినా ఇటు వేసినా తల వంచాల్సిందే. పదహారో ఏట తల్లి పోయాక బడి మానేసి, ఒక్క సంచీతో అక్క మార్లేన్ ఇంటికి వచ్చి ఆ గదిలో చేరింది. ఇప్పుడు ఇరవై నాలుగు నిండాయి. తల తగలకుండా చీకట్లో బట్టలు మార్చుకోవడం అయితే వచ్చింది కానీ, ఆ గదిలోంచి బయటపడే దారి మాత్రం దొరకలేదు.

పగలంతా నౌకాదళం రేవు గేటు పక్కన ఆరీ చేపల బండిలో పని. అదీ ఒక పెట్టె లాంటిదే. ముందు కిటికీ, వెనక మరిగే నూనె, నడుమ ఇద్దరు మనుషులు. ఆరీ లావుపాటి మనిషి, నోరు ఊరుకోని మనిషి. అతను పక్కకి తిరిగినప్పుడల్లా రెన్స్కె గోడకి అతుక్కునేది. అసలు డెన్ హెల్డర్ ఊరే అలాంటిది. రైలు కూడా వచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత పట్టాలు లేవు, సముద్రమే.

ఇంత ఇరుకులో ఆమెకి ఊపిరాడే చోటు ఒకటుంది. ఓడ తిరిగొచ్చే రోజున, రేవు గేటు లోపలి గట్టు.

పాత కెమెరా ఒకటి, బారెడు లెన్స్ ఒకటి ఎవరో వాడి అమ్మేస్తుంటే కొనుక్కుంది. ఎండాకాలం రేవు తిరునాళ్ళు, తెడ్డు పడవల పందేలు, నవంబర్లో పిల్లలకి కానుకలు మోసుకొచ్చే ముసలి సెయింటు ఆవిరి పడవ, అన్నీ ఆమే తీసేది. కెమెరా కంటికి ఆనించుకున్న మనిషిని ఎవరూ పలకరించరు. ఆ మనిషి మాత్రం అందరినీ చూడొచ్చు. మాట పెగలని పిల్లకి అంతకన్నా ఏం కావాలి? అయితే ఆమె అసలు పనితనం తెలిసేది ఓడలు వచ్చే రోజునే. ఓడ ఇంకా దూరాన ఉండగానే నావికులు కమ్మీల వెంబడి వరసగా నిలబడతారు. అందరిదీ ఒకే దుస్తు, ఒకే టోపీ. ఆరు నెలలు ఎదురుచూసిన తల్లులకి తమ బిడ్డ ఎవడో తెలియదు. రంగులతో పేర్లు రాసిన దుప్పట్లు పట్టుకుని ఎటు ఊపాలో తోచక నిలబడతారు. అప్పుడు రెన్స్కె లెన్స్‌లోంచి చూసి, వాళ్ళకి మాత్రమే వినపడేలా చెప్పేది.

"ముందు నుంచి తొమ్మిదో మనిషి. మెడ కొంచెం పక్కకి వాల్చాడు."

"అయ్యో, వాడే! పాలు తాగేటప్పుడు కూడా అలాగే వాల్చేవాడు!"

గట్టు మీద నిలబడాలంటే మెడలో పాస్ ఉండాలి. ఆ పాస్ బెప్ అత్త చేతిలో ఉండేది. ఊరందరికీ ఆమె అత్తే. నౌకాదళంలో వంటవాడితో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. ఓడ మీదికి వెళ్ళినవాళ్ళ ఇళ్ళ మంచిచెడ్డలు చూసే సంఘానికి పెద్ద. పాస్ మెడలో వేసిన రోజునే ఆమె రెన్స్కె గడ్డం పట్టుకుని చెప్పింది.

"విను పిల్లా. ఓడ వచ్చే తేదీ నీ ఫోటోలో కనపడకూడదు. గంట కనపడకూడదు. ఓడకి ఏదైనా గీసుకుందనుకో, అదీ కనపడకూడదు. మొహాలు తియ్యి, ఎంతమందివైనా తియ్యి. ఇనుముని తియ్యకు. మన ఇనుము ఎలా ఉందో లోకానికి అక్కర్లేదు."

రెన్స్కె ఆ మాట తప్పలేదు. ఎంత జాగ్రత్తంటే, మరుగుదొడ్డి గోడకి వేలాడే పుట్టినరోజుల క్యాలెండర్లో అక్క తన మొగుడు వచ్చే తేదీ పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకుంటే, ఇంట్లో ఫోటో తీసే ముందు ఆ తలుపు కూడా మూసి వచ్చేది.

ఆ ఏడు జూలైలో 'నోర్డర్‌స్టెర్' ఓడ రావాలి. అందులో బావ డౌవె ఉన్నాడు. అతని కూతురు ఫెన్నాకి ఐదేళ్ళు. ఓడ మీదికి వెళ్ళినవాళ్ళ ఇళ్ళన్నిట్లో లాగే, నాన్న రాక తెలియడానికి మార్లేన్ ఒక గాజు సీసాలో ద్రోప్ బిళ్ళలు పోసి పెట్టింది. ఉప్పూ తీపీ కలిసిన నల్ల మిఠాయి బిళ్ళలు. రోజూ పడుకోబోయే ముందు ఒకటి. సీసా ఖాళీ అయిన రాత్రి గడిస్తే, తెల్లారి నాన్న.

రేవు తిరునాళ్ళ శనివారం పొద్దున ఆ సీసా కిటికీ గట్టు మీద ఉంది. ఫెన్నా గాజుకి ముక్కు నొక్కి లోపలికి చూస్తోంది. వెనక నుంచి ఎండ పడి సీసా మెరుస్తోంది. రెన్స్కె ఒక్క ఫోటో తీసింది. చూడగానే తెలిసింది, ఇంత మంచిది ఆమె ఇదివరకెన్నడూ తీయలేదు. మధ్యాహ్నానికల్లా అచ్చు వేయించి, రేవు పొడుగునా కట్టిన తాడుకి మిగతా ఫోటోలతో పాటు క్లిప్పు పెట్టి తగిలించింది. తిరునాళ్ళ వాళ్ళు అడిగితే వాళ్ళ ఇంటర్నెట్ పేజీలోనూ పెట్టనిచ్చింది. బెప్ అత్త వచ్చి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఒక్క బిళ్ళ దొంగిలించాలనిపిస్తోందే!" అని నవ్వి వెళ్ళింది. ఆమెకీ తట్టలేదు.

తట్టింది ఆరీకి. సాయంత్రం బీరు గ్లాసు పట్టుకుని ఆ తాడు ముందు నిలబడి, ఒక్కో బిళ్ళనీ వేలితో చూపిస్తూ, చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా లెక్కపెట్టాడు.

"పదకొండు, పన్నెండు, పదమూడు! ఇవాళ శనివారం. అంటే వచ్చే వారం కాదు, ఆ పై శుక్రవారం! చూశారా, గూఢచారులకి జీతాలు దండగ. మా బండికొచ్చి నాలుగు చేప ముక్కలు తింటే చాలు!"

జనం విరగబడి నవ్వారు. రెన్స్కె కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. వెళ్ళి ఫోటో తాడు మీంచి లాగేసింది. పేజీలోంచి తీయించేసరికి చీకటి పడింది. అప్పటికే ఎందరు చూశారో, ఎందరు ఇంకెందరికి పంపారో ఎవరికెరుక?

పదకొండు రోజులు ఏమీ కాలేదు. ఆమె లోలోపల కొంచెం కొంచెంగా ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టింది. పన్నెండో రోజు బుధవారం, ఇళ్ళకి కబురు వచ్చింది. నోర్డర్‌స్టెర్ రాక వాయిదా పడింది, కొత్త తేదీ తర్వాత చెబుతాం. అంతే. ఎందుకో లేదు. ఎందుకో ఎప్పుడూ ఉండదు. నౌకాదళం చెప్పని చోట ఊరు చెబుతుంది. తేదీ బయటపడింది ఆ ఫోటో వల్లే, ఓడ ఆగింది అందుకేనని ఆ రోజు మధ్యాహ్నానికే ఊరు చెప్పేసింది.

చేపల బండి కిటికీ ముందుకి మొదట వచ్చింది ఒక ముసలావిడ.

"మావాడి కోసం మా ఆయనా నేనూ రెండు రోజులు ముందే ఖ్రోనింగెన్ నుంచి రెండు రైళ్ళు మారి వచ్చాం. నువ్వేనా ఆ ఫోటో పిల్ల?"

"అవునండీ."

"బాగుంది ఫోటో. చాలా బాగుంది." అని, చేప ముక్కలు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

తర్వాత వచ్చినవాళ్ళు అంత మర్యాదగా మాట్లాడలేదు. "సెలవు మళ్ళీ ఎవరిస్తారు, నువ్విస్తావా?" అందొకామె. "ఇంకేమైనా లెక్కపెట్టించావా, మా ఇంటి తాళాలెన్నో?" అన్నాడొకడు. వెల్లుల్లి సాస్ గిన్నె అందిస్తుంటే ఆమె చేతికి చెయ్యి తగలకుండా తీసుకున్నారు. పారిపోవడానికి ఆ బండికి వెనక తలుపు కూడా లేదు. ఉన్న ఒక్క తలుపుకీ అడ్డంగా ఆరీ నిలబడి ఉన్నాడు.

"ఊరుకో, మరిచిపోతారు" అన్నాడు ఆరీ, చేపలకి పిండి పట్టిస్తూ.

"లెక్కపెట్టింది మీరు కదా" అంది రెన్స్కె. ఎంత మెల్లగా అందంటే నూనె చప్పుడులో అది కలిసిపోయింది.

"ఏంటీ?"

"ఏం లేదు."

ఆ సాయంత్రమే బెప్ అత్త వచ్చింది. ఏమీ కొనలేదు. కిటికీలోంచి చెయ్యి చాచింది. రెన్స్కె మెడలోంచి పాస్ తీసి ఆ చేతిలో పెట్టింది.

"నీ వల్ల అని నేననను" అంది బెప్ అత్త. "నీ వల్ల కాదనీ అనలేను. నాకు తెలీదు. తెలియనంత వరకూ నిన్ను ఆ గట్టు మీద నిలబెడితే వాళ్ళు నన్ను బతకనివ్వరు."

"తెలిసేదెప్పుడు అత్తా?"

"ఈ ఊళ్ళోనా?" బెప్ అత్త పాస్ పట్టీని వేలికి చుట్టుకుంది. "నా మొగుడు పోయేదాకా కూడా నాకు చెప్పని సంగతులున్నాయే అమ్మాయ్."

గురువారం రాత్రి ఫెన్నా చివరి బిళ్ళ తింది. ఏం చెయ్యాలో తోచక మార్లేన్ తిననిచ్చింది. శుక్రవారం తెల్లారగానే పిల్ల గౌను వేసుకుని, జుట్టు తనే దువ్వుకుని, మెట్ల మీద కూర్చుంది. నాన్న రాలేదు. ఆ రాత్రి ఖాళీ సీసా తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"అయిపోయాయి. నాన్న కూడా అయిపోయాడా?"

మార్లేన్ సీసాకేసి చూడలేదు, పిల్లకేసి చూడలేదు. మెట్ల మీద సగంలో ఆగిపోయిన చెల్లెలి వైపు చూసింది.

"మీ పిన్నిని అడుగు" అంది.

రెన్స్కె అటకెక్కి దూలం కింద నిలబడింది. ఇల్లు ఖాళీ చేసి పోదామంటే ఎక్కడికి? ఆరీ బండి మానేసి పోదామంటే, ఈ ఊళ్ళో ఆమె పేరు చెప్పగానే పని ఇచ్చేవాళ్ళెవరు? ఊరు దాటాలంటే ఆ ఒక్క రైలే. దాని టిక్కెట్టు కిటికీలో కూర్చునే అబ్బాయి అన్న కూడా నోర్డర్‌స్టెర్ మీదే ఉన్నాడు. నిజంగానే తన వల్లేనా? అవునని ఒకసారి, కాదని ఒకసారి అనిపించేది. ఏదో ఒకటి గట్టిగా తెలిస్తే చాలు, తప్పయితే తప్పని ఒప్పుకుని అయినా బతకొచ్చు అనుకుంది.

కొత్త కబురు వచ్చింది. ఓడ సోమవారం పొద్దున వస్తుందని.

"వెళ్ళు, వెళ్ళు" అన్నాడు ఆరీ సెలవడిగితే. "ఇవాళ నీ మొహం ఇక్కడుంటే నా చేపలు నేనే తినాలి."

గట్టు మీదికి దారి లేదు కాబట్టి రెన్స్కె సముద్రపు కట్ట ఎక్కింది. ఓడలు బయటి సముద్రంలోంచి ఆ కట్ట పక్కనుంచే రేవులోకి తిరుగుతాయి. కుటుంబాలన్నీ గేటు లోపల ఉన్నాయి. కట్ట మీద ఇద్దరు ముగ్గురు కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. వాయవ్యపు గాలి ఎర్ర కోటుని చీల్చేలా కొడుతోంది. ఆమె రాళ్ళ మీద మోకాళ్ళూని, మోచేతులు బిగించి, లెన్స్ పట్టుకుంది.

నోర్డర్‌స్టెర్ వచ్చింది. ఆ ఓడ ఇంటికి రావడం ఆమె అంతకుముందు ఆరుసార్లు తీసింది. దాని పక్కలో పడిన సొట్టలు, తుప్పు చారలు, తన అరచేతి గీతల్లా ఎరుగును. కమ్మీల వెంబడి మనుషుల వరస వెతికింది, డౌవె కోసం. వెనక నుంచి నాలుగోవాడు. దొరికాడు. అలా వరస వెంట ముందుకి జరుగుతూ ఒకచోట ఆగింది.

వరస తెగింది. ఓడ ముక్కుకి కొంచెం వెనగ్గా, నలుగురు నిలబడాల్సిన చోట ఎవరూ లేరు. అక్కడ కమ్మీ లేదు. కమ్మీ ఉండాల్సిన చోట తాడు కట్టి ఉంది. దాని కింద ఓడ పక్కన, రెండు తలుపులంత మేర కొత్త రంగు. పాత బూడిదరంగు మీద కొత్త బూడిదరంగు. తెలియనివాడికి నీడలా ఉంటుంది. ఆ కొత్త రంగు కింద ఇనుము లోపలికి, మెత్తగా, దిండు మీద తల పెట్టి లేచినట్టు నొక్కుకుపోయి ఉంది.

వేలు దానంతటదే నొక్కింది. ఒకటి, రెండు, ఐదు ఫోటోలు.

ఓడ మలుపు తిరిగి లోపలికి పోయింది. దాని ఎడమ పక్క గట్టుకి ఆనుతుంది, కొత్త రంగున్న ఆ కుడి పక్క గట్టు మీదివాళ్ళకి కనపడకుండా నీటివైపు ఉండిపోతుంది. గట్టు మీది నుంచి అరుపులు, బాకా మోతలు, ఏడుపులు గాలిలో తేలి వచ్చాయి. ఎవరో ముసలి గొంతు "ఆ పిల్లేది? మావాడెక్కడున్నాడో చెప్పే పిల్ల?" అని అడుగుతున్నట్టు కూడా అనిపించింది. నిజంగా వినపడిందో, తనే అనుకుందో తెలియదు.

రాళ్ళ మీద కూర్చుని ఆ ఫోటో మళ్ళీ మళ్ళీ చూసింది. ఓడకి ఏదో తగిలింది. ఎక్కడో ఆగి బాగు చేయించుకున్నారు. అందుకే మూడు రోజులు. సీసా కాదు, బిళ్ళలు కాదు, తను కాదు. ఇది బెప్ అత్త ముందు పెడితే పాస్ మళ్ళీ మెడలో పడుతుంది. అక్క ముందు పెడితే అక్క తల దించుకుంటుంది. బండి కిటికీకి అతికిస్తే చాలు, ఊరంతా చదువుకుంటుంది.

ఇనుముని తియ్యకు.

తీసింది. చూపిస్తే, వాళ్ళు ఇన్నాళ్ళూ ఆమె మీద మోపిన తప్పు అప్పుడు నిజంగానే చేసినట్టవుతుంది. పైగా ఎవరి మీద అనుమానం వస్తుంది? ఇంట్లోనే నావికుడున్నాడు. బావే చెప్పాడంటారు. ఆమె కెమెరా కోటు లోపల పెట్టుకుని, గుండీలన్నీ పెట్టుకుని, ఇంటికి నడిచింది.

సాయంత్రం వంటింట్లో నలుగురూ కూర్చున్నారు. ఎండాకాలమని చూడకుండా డౌవె బఠానీ సూప్ కావాలన్నాడు, చెంచా నిలబడేంత చిక్కగా. ఫెన్నా నాన్న తొడ మీంచి దిగనంటోంది. మార్లేన్ మొహంలో ఆరు నెలలుగా లేని వెలుగు ఉంది. ఆ వెలుగులో కూడా చెల్లెలి వైపు పళ్ళెం తోసేటప్పుడు చూపు పక్కకే ఉంది.

"చెప్పు డౌవె, మూడు రోజులు మిమ్మల్ని నీళ్ళలో ఊరికే తిప్పారా?"

డౌవె చెంచా వైపు చూశాడు. "ఆలస్యమైంది."

"అదే, ఎందుకు?"

"ఆలస్యమైంది, మార్లేన్."

"సర్లే, నువ్వు చెప్పకపోతే ఊరికి తెలీదా? కారణం ఇదిగో, నీ ఎదురుగానే కూర్చుని సూప్ తాగుతోంది."

డౌవె తలెత్తాడు. అతని నోరు కొంచెం తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. రెన్స్కె అది చూసింది. మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోవడం ఎలా ఉంటుందో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు?

అతనే మాట మార్చాడు. "కట్ట మీద ఎర్ర కోటు కనపడింది. నువ్వేననుకున్నాను. నన్ను తీశావా?"

"తీశాను బావా."

"ఏదీ, చూడనీ."

ఇవ్వనని చెప్పగలిగేది. ఆ ఐదూ ముందే చెరిపేయగలిగేది. రెండూ చెయ్యలేదు. కెమెరా తెచ్చి అతని చేతిలో పెట్టింది. డౌవె బొటనవేలితో ఒక్కొక్కటే జరుపుతూ, ఫెన్నాకి చూపిస్తూ పోయాడు. "ఇదిగో, నాన్న. ఇది మా వంటవాడు. వీడు మీసం పెంచాడు చూడు." ఆ వేలు ఆగింది.

అతను ఫోటోని చాలాసేపు చూశాడు. తర్వాత రెన్స్కెని చూశాడు. రెన్స్కె కూడా, మొదటిసారి, కళ్ళు దించకుండా చూసింది. ఈ వంటింట్లో ఇప్పుడు ఇద్దరికి తెలుసు. ఒకరు చెప్పకూడదు, ఒకరు చూపించకూడదు. మూడో మనిషి రొట్టె ముక్కలు కోస్తోంది.

డౌవె ఫోటో చెరపలేదు. కెమెరా మెల్లగా బల్ల మీంచి ఆమె వైపు జరిపాడు, ఆ ఫోటో అలాగే కనిపిస్తుండగా. నీ ఇష్టం, అన్నట్టు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

రెన్స్కె కెమెరా తీసుకుంది. ఒకటి చెరిపింది. రెండు. మూడు. నాలుగు. ఐదోదాని దగ్గర వేలు ఆగింది.

"ఏంటి చెరిపేస్తున్నావ్?" అంది మార్లేన్.

"మసకగా వచ్చింది."

"అవును" అన్నాడు డౌవె. "మసకగా ఉంది."

"ఓడంత ఓడని కూడా గురి చూడలేకపోయావా?" అంది అక్క. "బెప్ అత్త పాస్ లాక్కోవడమే మంచిదైంది."

వేలు నొక్కింది. తెర మీదికి వెనకటి ఫోటో వచ్చింది. వెనక నుంచి నాలుగోవాడు, టోపీ కింద కళ్ళు చికిలించి, కట్ట వైపే చూస్తున్నాడు.

భోజనం అయ్యాక ఫెన్నా నాన్న తెచ్చిన కొత్త ద్రోప్ పొట్లం విప్పింది. పెద్ద మనిషిలా బల్ల చుట్టూ తిరుగుతూ పంచింది. అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి, తనకి రెండు. పిన్ని దగ్గరికి వచ్చి, అమ్మ మొహం చూసి, పొట్లం మూసేసింది.

డౌవె అది చూశాడు. తన బిళ్ళని సూప్ గిన్నె చాటున బల్ల మీద దొర్లించాడు. అది రెన్స్కె చేతి దగ్గర ఆగింది. ఆమె నోట్లో వేసుకుంది. ఉప్పు నాలుకంతా పరుచుకుంది. తీపి తగలడానికి చాలాసేపు పట్టింది.